మౌలా మేస్త్రీ ఇంటి కొళాయి

నెల్లూరు కోటమిట్టలో మౌలా మేస్త్రీ అంటే తెలియని ఇల్లు లేదు. పంపుల పని చేసేవాళ్లు ఊళ్లో ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు గానీ, వకీళ్ల ఇళ్లవాళ్లూ డాక్టర్ల ఇళ్లవాళ్లూ మౌలా కోసమే కబురు పెట్టేవాళ్లు. మనిషి పొట్టి, చేతులు మాత్రం రోకళ్లు. పానా పెట్టి తిప్పాల్సిన మరను ఒట్టి చేత్తో తిప్పేసేవాడు. పని ముగిశాక కొళాయి కట్టేసి, దాని మూతి కింద అరచేయి పట్టి కాసేపు నిలబడేవాడు. చేయి తడవకపోతే ఇంటివాళ్ల వైపు తిరిగి, "మౌలా కట్టిన కొళాయి చుక్క కారదు" అనేవాడు. ఆ మాట అనకుండా ఏ గడపా దిగింది లేదు. ఊళ్లోని కొళాయిలన్నీ తన మాట వింటాయని అతని ధీమా. ఇంట్లో మనిషి మాట తానెంత విన్నాడన్నది మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది.

భార్య రహీమున్నీసాది వాకాడు దగ్గర సముద్రపొడ్డు పల్లె. అక్కడ బావి తవ్వితే ఉప్పునీళ్లు పడతాయి. తాగే నీళ్లు కావాలంటే ఇసుకలో చెలమ తీసి, నీళ్లు ఊరేదాకా కూర్చుని, కొబ్బరిచిప్పతో ముంచి ముంచి కడవ నింపుకోవాలి. ఎనిమిదో ఏటి నుంచి పదిహేడో ఏటి దాకా ఆమె పొద్దులన్నీ ఆ ఇసుకలోనే గడిచాయి. సంబంధం తెచ్చిన పెద్దమనిషి, "పిల్లోడు నెల్లూర్లో పంపుల మేస్త్రీ. వాడింట్లో నీళ్లు మోసే పనుండదు. కొళాయి చెవి తిప్పితే దిగతాయి" అన్నాడట. తలుపు చాటు నుంచి ఆ మాట విన్న పిల్ల, పెళ్లికొడుకు నల్లగా ఉంటాడా ఎర్రగా ఉంటాడా అని కూడా అడగలేదు.

"నిన్ను జూసి చేసుకోలేదు మేస్త్రీ, నీ కొళాయిని జూసి చేసుకున్నా" అని తర్వాత తర్వాత ఆమె ఎన్నిసార్లు ఆటపట్టించిందో లెక్కలేదు. భర్తను మేస్త్రీ అనే పిలిచేది. మొదట్లో వెటకారానికి పిలిచింది, తర్వాత అదే అలవాటైంది.

తీరా కాపురానికి వచ్చి చూస్తే ఆ ఇంట్లో కొళాయే లేదు. సందు మొదట్లో వీధి కొళాయి ఒకటి, దాని ముందు ముప్పై బిందెల వరస. పదమూడేళ్లు ఆ వరసలోనే నిలబడింది రహీమున్నీసా. ఊరందరి ఇళ్లకూ నీళ్లు తెచ్చేవాడు తన ఇంటి బిందె వైపు చూడలేదు. చూడాలని లేక కాదు, రేపు చూద్దామనుకున్నాడు. పుట్టిన పిల్లలిద్దరూ పురిటిలోనే పోయారు. ఆ తర్వాత దేవుడు మళ్లీ ఇవ్వలేదు. ఇంట్లో ఇద్దరే గదా, రెండు బిందెలు చాలవా అని కూడా అనుకున్నాడు.

1959లో మునిసిపాలిటీ వాళ్లు ఆ సందులోకి గొట్టం లాగారు. మౌలా ఇంటి వెనక నాలుగు గోడలు లేపి, పైన రేకు వేసి, కింద నల్లబండ పరిచి స్నానాల గది కట్టాడు. గొట్టం కొత్తదే. గొట్టం చివర బిగించిన కొళాయి మాత్రం పాతది. ఆ పనివాళ్లలో ఒక ఆనవాయితీ ఉండేది. ఇంటివాళ్లు కొత్త కొళాయి పెట్టించుకుంటే ఊడదీసిన పాతది మేస్త్రీ సంచిలోకి పోతుంది. "తోలు వాషరు మారిస్తే ఏ కొళాయైనా కొత్తదే" అని మౌలా వాదన. అది అరిగిపోతే ఇంకో ఇంటిది వచ్చేది. రహీమున్నీసా వాటికి పేర్లు పెట్టింది. మొదటిది వకీలుగారు, ఎంతసేపూ గుడగుడమని వాదిస్తూనే ఉండేది. రెండోది సబ్‌రిజిస్ట్రారుగారు, పదిసార్లు తిప్పితే గానీ పలికేది కాదు. మూడోది రెడ్డిగారు, తల పెద్దది, ధార చిన్నది. ఈ పేర్లు విని మౌలా కడుపు పట్టుకుని నవ్వేవాడు. నవ్వి, అదే కొళాయిని ఇంకాస్త బిగించి పనికి పోయేవాడు. అరిగిన కొళాయి గట్టిగా బిగిస్తే గానీ ఆగదు మరి.

గొట్టం వచ్చిన మరుసటి ఏడు రంజానుకు ముందు, "పండక్కి ఏం గావాల నీకు?" అని అడిగాడు.

"కొళాయి."

"ఉండాది గదా!"

"ఊళ్లో వాళ్లందరి చేతులూ అరగదీసింది వద్దు మేస్త్రీ. కొత్తది గావాల. నేనే ఎంచుకుంటా. అంగడికి నన్ను గూడా తీసకపో."

"ఇనప అంగడికి ఆడోళ్లు వస్తారా ఏంది? శెట్టిగారు నవ్వుతాడు."

"అయితే అంగడినే ఇంటికి తీసకరా."

తెస్తాలే అన్నాడు. అప్పటి నుంచి ఐదు రంజాన్లు పోయాయి. చీర వచ్చింది, గాజులు వచ్చాయి, ఒకసారి వెండి పట్టీలు కూడా వచ్చాయి. కొళాయి రాలేదు.

ఈ లోపల ఆమె చేతులకు కీళ్లవాతం వచ్చింది. ముప్పై మూడేళ్ల మనిషికి రావలసిన జబ్బు కాదు, వచ్చింది. మొదట కుడిచేతి వేళ్లు పొద్దున పూట వాచేవి. తర్వాత వంగాయి, వంగినవి మళ్లీ సరికాలేదు. ఏడాది తిరిగేసరికి ఎడమ చేయి కూడా ఆ దారే పట్టింది. బియ్యం అరచేత్తో రుద్ది కడిగేది. మూటముడి పళ్లతో విప్పేది. చెంబును రెండు మణికట్ల మధ్య ఇరికించి ఎత్తేది. మౌలా ఇవన్నీ చూడలేదని కాదు. చూశాడు, హకీం దగ్గరకు పోయి ఒక సీసా నూనె తెచ్చిచ్చాడు, "రుద్దుకో, తగ్గిపోద్ది" అన్నాడు. అంతటితో తన పని అయిపోయిందనుకున్నాడు. ఆమె పొద్దున ఆరింటికి అతన్ని పనికి సాగనంపేది, సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అన్నం వండి పెట్టేది. ఇల్లు నడుస్తోంది, చేతులూ నడుస్తున్నాయనే అతని లెక్క.

ఒకనాడు వడ్డిస్తూ ఉంటే పులుసు గిన్నె జారి అతని ఒళ్లో పడింది. ఆకలి మీద ఉన్నాడు, కాలింది కూడా. "చేతులు పడిపోయినాయా ఏంది నీకు?" అని అరిచాడు. పది నిమిషాల్లో అన్నం తిన్నాడు, కోపం పోయింది, ఆ మాట అన్న సంగతి కూడా మరిచిపోయాడు. అన్నవాడికి మరుపు వస్తుంది, పడినవాళ్లకు రాదు. ఆ రోజు నుంచి రహీమున్నీసా తన చేతుల గురించి అతనితో మాట్లాడలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇందుకూరుపేటలో మౌలా అక్క షాహిదాబీ ఉండేది. పిల్లలు లేని కొంప, ఇంకో నికా చేసుకోరా తమ్ముడూ అని ఏడాదికోసారి వచ్చి చెప్పి పోయేది. మౌలా ఆ మాటను ఏనాడూ చెవిన పెట్టలేదు. అందులో అతన్ని తప్పు పట్టడానికి లేదు. కానీ చెవిన పెట్టలేదన్న సంగతి భార్యకు ఒక్కసారి చెప్పి ఉంటే ఎంత బాగుండేది! చెప్పలేదు. తెలియదా ఏమిటి అనుకున్నాడు.

1965లో రంజానుకు రెండు రోజుల ముందు మౌలాకు ఎందుకో మనసు పుట్టింది. ఇనప సామాన్ల అంగడి రంగనాయకులు శెట్టి దగ్గరకు పోయి, "శెట్టిగారూ, మా ఇంట్లో ఆమె చూసి ఎంచుకుంటాదంట, నాలుగు రకాలు ఇయ్యండి" అని అడిగాడు. శెట్టి నవ్వి, మూడు మంచి కొళాయిలు తీసి ఇచ్చాడు. "ఇది గూడా వేసుకో, చూసి నవ్వుకుంటాది" అని నాలుగోది కూడా సంచిలో పడేశాడు. ఒక ఆసుపత్రి వాళ్ల ఆర్డరులో మిగిలిపోయిన కొళాయి అది. దానికి చెవి ఉండదు. జానెడు పొడుగున ఒక చేయి బయటికి చాచుకుని ఉంటుంది. చేతులు కడుక్కున్న డాక్టర్లు మళ్లీ వేళ్లు తగలకుండా దాన్ని మోచేత్తో నెడతారు.

మంచం మీద దుప్పటి పరిచి, గాజుల మలారం విప్పినట్టు నాలుగూ వరసగా పెట్టాడు మౌలా. రహీమున్నీసా మొహం ఎంత వెలిగిందో అతను తర్వాత ఎన్నేళ్లయినా మరిచిపోలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది.

మొదటిది నిక్కెలు పూత పూసిన బొంబాయి సరుకు. గుండ్రటి చెవి, అద్దంలా మెరుస్తోంది. ఆమె దాన్ని మోకాళ్ల మధ్య నిలబెట్టి, రెండు అరచేతులూ చెవికి ఆనించి తిప్పబోయింది. కదల్లేదు. పక్కన పెట్టింది. రెండోది ఇత్తడిది, నాలుగు రెక్కల చెవి. దాన్నీ పట్టి చూసి పక్కన పెట్టింది. మూడోది కూడా అంతే. నాలుగోదాని పొడుగు చేతిని మణికట్టుతో నెట్టింది. తేలిగ్గా అటు పోయింది. ఇంకోసారి నెట్టింది, ఇటు వచ్చింది.

"ఇది పెట్టు మేస్త్రీ" అంది.

మౌలా పగలబడి నవ్వాడు. "ఇదా! ఇది యాడ పెడతారో తెలుసా నీకు?"

"తెలుసు. ఆసుపత్రిలో. రెబెక్కమ్మక్క జెప్పింది."

రెబెక్కమ్మ పక్కింటావిడ, ఆసుపత్రిలో ఆయా. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ.

"ఆపరేషన్ గదిలో కొళాయి తెచ్చి మౌలా ఇంట్లో పెడితే ఊరు నవ్వదా? చూడ్డానికైనా బాగుండొద్దా?"

"చూసేదానికి కాదు గదా మేస్త్రీ, తిప్పేదానికి."

"అందరికన్నా మంచి కొళాయి నా పెళ్లాం చేతికింద ఉండాల" అన్నాడు మౌలా.

"నాకిదే నచ్చింది. ఇదే పెట్టు" అని ఆమె రెండోసారి అంది. ఒక మనిషి ఇంతకన్నా ఎట్లా చెబుతుంది? చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, కొంగు కప్పుకుని కూర్చుంది. ఆ కొంగు తీసి చూసి ఉంటే చాలు. మౌలా కొళాయిల వైపే చూశాడు. వెర్రిది, ఖర్చుకు జంకి అంగట్లో మిగిలిపోయినదాన్ని ఏరుకుంటోంది అనుకున్నాడు. అనుకుని జాలిపడ్డాడు కూడా. ఆ జాలి ఆమెకు కోపం కన్నా ఎక్కువ చేటు చేసింది.

పండుగ పూట పొద్దున్నే నిక్కెలు కొళాయి బిగించాడు. ఆసుపత్రిదీ మిగతా రెండూ శెట్టికి తిరిగి ఇచ్చేశాడు. ఆమెను చేయి పట్టుకుని తీసుకొచ్చి కొళాయి ముందు నిలబెట్టి "తిప్పు" అన్నాడు. ఆమె చేయి చాచేలోపలే, సంతోషం ఆపుకోలేక, తానే తిప్పేశాడు. ధార బిందెలో ధనధనమని పడింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"బాగుందా?"

"బాగుంది మేస్త్రీ. దాంట్లో మొహం గూడా కనపడతాంది."

ఆ కన్నీళ్లు సంతోషంతో వచ్చాయని మౌలా ఆ పండుగంతా మురిసిపోయాడు. వీధిలో కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు.

కొత్త కొళాయికి తోలు వాషరు కొత్తది, మర కొత్తది. అంత గట్టిగా బిగించే పనే లేదు. కానీ ఇరవై ఏళ్ల చేతివాటం ఎక్కడికి పోతుంది? పొద్దున స్నానం చేసి పోయేటప్పుడు దాన్నీ పాతవాటిలాగే బిగించి పోయేవాడు. సాయంత్రం వచ్చి చూస్తే ఒక్కోనాడు చుక్క చుక్క పడుతూ ఉండేది. "కొత్త కొళాయి పెట్టిస్తే సరిగ్గా కట్టేదానిగ్గూడా బద్దకమా?" అని గొణిగి మళ్లీ బిగించేవాడు. ఆమె వంటింట్లోంచి "రేపట్నుంచి చూసుకుంటాలే" అనేది. తొమ్మిది నెలలు ఇదే వరస.

కార్తీకంలో వాయుగుండం పట్టి వారం రోజులు వాన కురిసింది. ఆ వానల్లో రహీమున్నీసాకు జ్వరం వచ్చింది. మూడో రోజుకు గుండెల్లో నెమ్ము చేరింది. డాక్టరు వచ్చి సూది వేసి, తలపంకించి పోయాడు. నాలుగో రోజు తెల్లవారాక, వాన తెరిపిచ్చిన వేళ, ఆమె మౌలా చేతిలో తన చేయి పెట్టి కన్నుమూసింది. అంతకుముందు ఒకే మాట అంది. "అన్నం పొద్దుకు తిను మేస్త్రీ" అంది. పందొమ్మిదేళ్ల కాపురం అంతటితో అయిపోయింది.

బంధువులు చేరారు. మయ్యత్‌కు, అంటే పోయిన మనిషి ఒంటికి, స్నానం చేయించే పెద్దామె వచ్చింది. స్నానాల గది గుమ్మానికి చీర అడ్డం కట్టారు. ఊపిరి పోయాక భార్య ఒంటిని భర్త తాకకూడదని ఆ పెద్దలు పాటించే పద్ధతి. మౌలా గోడ ఇవతల నిలబడ్డాడు. కాచిన నీళ్లు అయిపోయాయి. కొళాయి నీళ్లు పట్టుకుందామని లోపలి ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ప్రయత్నించారు. చెవి కదల్లేదు. చివరికి ఒకామె చీర పక్కకు జరిపి, "అన్నా, కొళాయి రావడం లేదు. మొహం అటు తిప్పుకుని వచ్చి ఒక్కసారి తిప్పి పో" అంది.

మౌలా గోడ వైపు మొహం పెట్టి లోపలికి వెళ్లాడు. ముందురోజు సాయంత్రం తానే బిగించిన కొళాయి అది. రెండు వేళ్లతో తిప్పాడు. నీళ్లు పడ్డాయి. వెనక్కి తిరిగి గుమ్మం దాటుతుంటే పెద్దామె మాట వినపడింది.

"ఈ చేతులు చూడండమ్మా! గుప్పిళ్లు తెరుచుకోవడం లేదే! చచ్చినాక బిగిసినవి కాదు ఇవి, బతికుండంగానే బిగిసినాయి. ఈ చేతుల్తో ఆ కొళాయి ఎట్టా తిప్పుకునిందో బిడ్డ!"

మౌలా అక్కడే ఆగిపోయాడు. పెరట్లో పొయ్యి దగ్గర రెబెక్కమ్మ ఇంకో కాగుకు మంట పెడుతోంది. అతను పోయి ఆమె ముందు నిలబడ్డాడు.

"రెబెక్కమ్మా, ఆమె ఎట్టా తిప్పుకునేది?"

రెబెక్కమ్మ తలెత్తలేదు. "తిప్పుకునేది కాదన్నా. నేను తిప్పేదాన్ని. రాత్రి డూటీ దిగి పొద్దున ఎనిమిదింటికి వస్తానే, అప్పుడొచ్చి గుడ్డ చుట్టి, బలమంతా పెట్టి తిప్పి, బిందెలు నింపి పెట్టి కట్టేసి పోయేదాన్ని. నాకూ నీ మాదిరి బలం యాడిది? చుక్కలు పడేవి."

"ఎన్నాళ్ల నుంచి?"

"పాత కొళాయి కాడ్నుంచి. రెండేళ్లు అయింటాది. నాకు పగలు డూటీ పడిన వారమైతే నీళ్లే లేవు. తిప్పలేక, బిందె సంకనేసుకుని వీధి కొళాయికి పోయేది. ఆడ ఎవరో ఒకరు పట్టించేవాళ్లు."

"నాకెందుకు చెప్పలేదు?"

ఇప్పుడు తలెత్తింది రెబెక్కమ్మ. పొగకు ఎర్రబడ్డాయో ఏడ్చి ఎర్రబడ్డాయో కళ్లు నిప్పుల్లా ఉన్నాయి. "ఎట్టా చెబుతాదన్నా? చేతులు పడిపోయినాయా అని నువ్వే అన్నావంట గదా. మీ అక్క చెవిన పడితే, పని చేతగానిదని మళ్లా ఇంకో నికా మాట ఎత్తుతాదని ఏడ్చేది. అయినా చెప్పింది. ఆ కొళాయే గావాలని రెండుసార్లు చెప్పిందంట. వింటివా నువ్వు?"

ఆ రోజు జనాజా లేచింది. మౌలా భుజం పట్టాడు, మట్టి వేశాడు, అందరితో పాటు ప్రార్థనకు చేతులు ఎత్తాడు. ఇంటికి వచ్చి చూస్తే స్నానాల గదిలో కొళాయి అట్లాగే తెరిచి ఉంది. ఆడవాళ్లెవరూ కట్టలేదు. నీళ్లు వచ్చే వేళ దాటిపోవడంతో ధార ఆగింది. అతను కూడా దాన్ని ముట్టుకోలేదు.

మూడో రోజు ఫాతెహా ప్రార్థన అయ్యాక రంగనాయకులు శెట్టి అంగడికి పోయాడు.

"శెట్టిగారూ, ఆ ఆసుపత్రి కొళాయి ఉండాదా?"

శెట్టి అతని మొహం చూసి, లోపలికి పోయి, గోనెపట్టాలో చుట్టిన పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఎండాకాలం నుంచి ఎత్తిపెట్టే ఉంచినా మౌలా. మీ పక్కింటి ఆయమ్మ వచ్చి, మీ ఇంట్లో ఆమెకు గావాల, ఎవరికీ ఇయ్యొద్దనింది. సరే, చిన్నపోలయ్యను పంపి బిగించమంటా అన్నా. వాడూ పంపుల పనోడే గదా. మర్నాడు ఆయమ్మ మళ్లా వచ్చి వద్దనింది."

"ఎందుకంట?"

"మౌలా మేస్త్రీ ఇంట్లో ఇంకో మేస్త్రీ వచ్చి పానా పెడితే, ఆయన ఊళ్లో తలెత్తుకుని తిరగలేడనిందంట మీ ఆమె. ఎప్పుడో ఒకరోజు మా మేస్త్రీకే తోస్తాది, అప్పుడు ఆయనే వచ్చి తీసకపోతాడు, అందాకా ఉంచండి అని చెప్పి పంపింది. నీకు చెప్పొద్దని ఒట్టు గూడా పెట్టించింది. తప్పు చేసినానేమో మౌలా, చెప్పాల్సింది."

మౌలా ఆ పొట్లాన్ని రెండు చేతులతో, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇంటికి నడిచాడు. దారిలో ఎవరో పలకరించారు, అతనికి వినపడలేదు.

నిక్కెలు కొళాయి ఊడదీశాడు. జనపనార చుట్టి, ఆసుపత్రి కొళాయి బిగించాడు. సాయంత్రం నీళ్లు వచ్చే వేళ దాకా బండ మీదే కూర్చున్నాడు. గొట్టంలో గాలి కదిలిన చప్పుడు విని లేచి, కుడిచేతి వేళ్లు ఆమె వేళ్లలాగే లోపలికి ముడిచి, మణికట్టుతో కొళాయి చేతిని నెట్టాడు. బలం అక్కర్లేదు. తగిలీ తగలకముందే జరిగింది. ధార పడింది.

కట్టాడు. మళ్లీ నెట్టాడు. మళ్లీ పడింది. అరగంట పని. శెట్టి అంగడి నుంచి తెచ్చిన రోజే ఈ అరగంట పని చేసి ఉంటే, ఆమె తొమ్మిది నెలలు తన ఇంట్లో తన నీళ్లు తాను పట్టుకుని ఉండేది. చెలమ పక్కన కూర్చున్న పిల్లను చెవి తిప్పితే నీళ్లు వస్తాయని చెప్పి తెచ్చుకున్నాడు. నీళ్లు తెచ్చి ఆమె ముందు పెట్టి, తన చేత్తోనే బిగించి పోయాడు. మౌలా ఆ ధార కింద తలపెట్టి, గోడవతల రెబెక్కమ్మకు వినపడేలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది గానీ ఊరుకోమని అనలేదు.

షాహిదాబీ నలభయ్యో రోజున వచ్చి నికా మాట ఎత్తింది. మౌలా ఆమెను స్నానాల గదికి తీసుకుపోయి కొళాయి చూపించి, "ఇది నా పెళ్లాం ఎంచుకున్న కొళాయి అక్కా. ఈ ఇంట్లో ఇంకొకళ్లు దీన్ని తిప్పేది లేదు" అన్నాడు. ఆ మాట రహీమున్నీసా బతికుండగా అనవలసింది.

పని మానలేదు. మానితే తిండి ఎట్లా? కానీ పని తీరు మారింది. చుక్క కారదన్న మాట మళ్లీ అతని నోట రాలేదు. కొళాయి బిగించాక పానా సంచిలో పెట్టేముందు, "ఈ ఇంట్లో నీళ్లు పట్టేది ఎవరమ్మా? వాళ్లను పిలవండి" అనేవాడు. మగవాళ్లు "బాగుందిలే మేస్త్రీ, పో" అంటే వినేవాడు కాదు. పనిమనిషైనా సరే, ముసలమ్మైనా సరే, వచ్చి తన చేత్తో తిప్పి, కట్టి చూపించేదాకా గడప దిగేవాడు కాదు. చాదస్తం ముదిరిందని నవ్వుకున్నారు. కొందరు చిన్నపోలయ్యను పిలిపించుకోవడం మొదలుపెట్టారు.

1968 వేసవిలో మూలాపేటలో ఒక కొత్త కాపురం ఇంట్లో పనికి వెళ్లాడు. ఇంటాయన ఆఫీసుకు పోతూ, "అంతా అయినాక తలుపు దగ్గరకేసి పో" అని చెప్పి వెళ్లాడు. మౌలా కొళాయి బిగించి, "అమ్మా, ఒకసారి ఇట్టా రా" అని పిలిచాడు. పెళ్లై నెల తిరగని పిల్ల, నాగులమ్మ అట పేరు, పసుపు ఆరని చేతులతో వచ్చింది. తిప్పింది. నీళ్లు పడ్డాయి. కట్టింది. మళ్లీ తిప్పబోయి ఆగింది. మొహమాటపడుతూ అతని వైపు చూసింది.

"ఏమనుకోవద్దు మేస్త్రీ. నాకు కొంచెం బిగుతుగా ఉండాది" అంది.

మౌలా అట్లాగే ఆ తడిబండ మీద కూలబడ్డాడు. ఆ పిల్ల బెదిరిపోయి, "తప్పుగా అంటినా మేస్త్రీ?" అంది.

"లేదు తల్లీ, లేదు. చెప్పినావు, అంతే చాలు" అన్నాడు. కళ్లు తుడుచుకుని, సంచిలోంచి పానా తీసి, కొళాయిని మళ్లీ విప్పడం మొదలుపెట్టాడు.